బ్లాస్టింగ్‌కు లేచే పిల్ల

"మా పిల్ల దినాం బ్లాస్టింగ్‌కు లేస్తది. చెవులు పోయింది మా పిల్లకు గాదు, మీ మిషన్‌కు. పోయి దానికి మందు పోసుకోండ్రి."

ఇంత మాట అని ఆ ముసలామె నా ముఖం మీదే తలుపు వేసింది. వేసిన తలుపు ముందు నేను కొంచెంసేపు అట్లాగే నిలబడ్డాను. లోపల పసిపిల్ల ఏడుస్తోంది. మంచి గట్టి గొంతు. ఆ గొంతు ఆ పిల్లకే వినపడడం లేదేమోనన్న అనుమానం నన్ను అక్కణ్నుంచి కదలనివ్వలేదు.

తెలంగాణ రావడానికి మూడు నాలుగేళ్ల ముందు ముచ్చట ఇది. దవాఖానల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు మీరు చెప్పమని అడిగారు కాబట్టి చెబుతున్నాను. నాకు సంతకం పెట్టడం, బస్సు మీద ఊరి పేరు చదవడం వచ్చు. అంతకుమించి రాదు. నా మాట అటూ ఇటూ పోతే రాసేటప్పుడు సరిచేసుకోండి. గొంతు మాత్రం మీరు సరిచేయలేరు. అది మా ఆయన చేసిన పని.

మా ఆయన బాయిలో పనిచేసేవాడు. ఇక్కడ బొగ్గు గనిని మేము బాయి అనే అంటాం. ఏళ్ల తరబడి డ్రిల్లు పట్టి ఆయనకు చెవులు మందగించాయి. అన్నానికి రమ్మని పిలవాలన్నా అరవాల్సిందే. అరిచి అరిచి నా గొంతు గరుకెక్కింది. బాయి లోపల పైకప్పు బండ కూలే ముందు చిటపటమని చప్పుడు వస్తుందట. ఆ రోజు పక్కవాళ్లు ఆ చప్పుడు విని పరుగెత్తారు. ఆయన వినలేదు. ఆయన పోయాక గోదావరిఖనిలో ఒక దవాఖానలో నాకు ఆయా పని దొరికింది. కాన్పుల వార్డులో వేశారు. ఆయన పోయినా నా గొంతు మాత్రం దిగలేదు. "నువ్వు వార్డుల అడుగుపెడితే పుట్టనోళ్లు గూడ పుడుతరు" అని మా సిస్టరమ్మ నవ్వేది.

చెవుల మిషన్ వచ్చింది నేను చేరిన చాలా ఏళ్లకు. చూడడానికి చిన్న రేడియో అంత ఉంటుంది. పుట్టిన పిల్ల చెవిలో మెత్తని రబ్బరు మొన పెట్టి మీట నొక్కితే, మిషన్ లోపలికి చిన్న చప్పుడు పంపి, చెవి తిరిగి ఇచ్చే జవాబు కోసం చూస్తుందట. జవాబు వస్తే పాస్. రాకపోతే రెఫర్ అని పడుతుంది. రెఫర్ అంటే చెవిటి అని కాదు. కొత్తగా పుట్టిన పిల్ల చెవుల్లో నీరు, మాలిన్యం ఉన్నా జవాబు రాకపోవచ్చు. అందుకే కొన్నాళ్లకు మళ్లీ తెచ్చి చూపించాలి. అప్పుడూ రెఫర్ వస్తే పెద్ద పరీక్ష. నుదుటి మీద, చెవుల వెనక బిళ్లలు అంటించి, పిల్ల నిద్రలో ఉండగా చేస్తారు. అది చేసే సారు పట్నం నుంచి నెలకు ఒక్కసారి వచ్చేవాడు. పొద్దున బండికి దిగి సాయంత్రం బండికి పోయేవాడు.

మొదటి పరీక్షకు మాకు ఏ కష్టమూ లేదు. పిల్ల మా వార్డులోనే ఉంటుంది కదా. కష్టమంతా ఇంటికి పోయాకే. మళ్లీ రమ్మని చెబితే అందరూ తలూపేవారు. ఎవరూ వచ్చేవారు కాదు. పురుడు కాకుండా గడప దాటించొద్దని కొందరు. పురుడయ్యాక బాలింత తల్లిగారింటికి పోయిందని కొందరు. పిల్ల పాలు తాగుతోంది, నవ్వుతోంది, ఇంకేం చూడాలని చాలామంది. మిషన్ తెచ్చి ఏడాది కావస్తున్నా రెండో పరీక్షల గది ఖాళీగానే ఉండేది. నెలనెలా పట్నం సారు వచ్చి, చాయ్ తాగి, మాతో రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోయేవాడు.

అప్పుడు దవాఖాన పెద్దలకు ఒక ఆలోచన వచ్చింది. బాయి మీద షిఫ్టుకు పోయేవాళ్లు ముందు కిటికీ దగ్గర వరుసలో నిలబడి హాజరు వేయించుకుంటారు. దాన్ని మస్టర్ అంటాం. ఎవరికి ఏ కబురు చేర్చాలన్నా మస్టర్‌లో చెబితే చాలు. సెలవు సంగతి, క్వార్టర్ సంగతి, ఇంటి నుంచి వచ్చిన చావు కబురు, అన్నీ అక్కడే. పిల్లల చెవుల సంగతి కూడా అక్కడే చెప్పిస్తే పోలేదా అనుకున్నారు. ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు. నాకూ కనిపించలేదు. చెప్పించిన వారమే ఇద్దరు తండ్రులు పిల్లల్ని ఎత్తుకుని వచ్చారు. సిస్టరమ్మ అందరికీ జిలేబీ తెప్పించింది.

తర్వాత ఈ పిల్ల వంతు వచ్చింది.

సెంటినరీ కాలనీ వాళ్లు. తండ్రి బాయిలో పనిచేస్తాడు. తల్లి మందమర్రి పిల్ల, ఇది రెండో కాన్పు. పెద్దవాడు మూడేళ్లవాడు. ఈ ఆడపిల్లకు మొదటి పరీక్షలో రెండు చెవులూ రెఫర్. ఇంటికి పోయే ముందు ఇంకోసారి చూస్తే అదే రెఫర్. పెద్ద పరీక్షకు రమ్మంటే రాలేదు. మస్టర్‌కు కబురు పంపారు. అక్కడి క్లర్కు మనసులో పాపం లేదు, నోట్లో మెత్తదనమూ లేదు. షిఫ్టు జనమంతా వరుసలో ఉండగా కిటికీలోంచి కేకేశాడట.

"ఏ తమ్మీ, నీ బిడ్డకు చెవులు ఇనవడయట గద. దవాఖానకు తీస్కపొమ్మంటున్నరు, జల్ది పో!"

అంతే. షిఫ్టు దిగేలోపు ఆ మాట బాయంతా పాకింది. పైకి వచ్చేసరికి కాలనీకీ చేరింది. ఒకడు జాలిపడ్డాడు, ఒకడు ఎకసక్కెమాడాడు. మరునాడు ఆ తండ్రి బొగ్గు ముఖంతోనే, స్నానం కూడా చేయకుండా మా వార్డుకు వచ్చాడు.

"ఎవ్వలు పంపిండ్రు మస్టర్‌కు?" అని అరిచాడు. "ఆడపిల్ల అది. రేపు దానికి లగ్గం జెయ్యాలె. నా ఇజ్జత్ తీస్తిరి గద. మీకు పిల్లలు లేరా?"

సిస్టరమ్మ లేచి నిలబడింది. "తప్పయింది తమ్మీ. గట్ల మొత్తుకుంటడని అనుకోలే. పిల్లను మాత్రం తీస్కరా. ఆరు నెలల లోపల తేలితే చెవులకు ఇనే మిషన్ పెట్టి మాట నేర్పొచ్చు. ఆలస్యమైతే కష్టమైతది."

"మిమ్ముల నమ్ముడే కష్టం" అని అతను వెళ్లిపోయాడు. అతను పట్టుకున్న తలుపు మీద బొగ్గు వేళ్ల గుర్తు పడింది. నేనే తుడిచాను. ఆ మనిషి తప్పేమీ మాట్లాడలేదు.

మస్టర్ కబుర్లు ఆ రోజే ఆపేశారు. ఎవరింటికైనా ఆయానో నర్సో పోయి చెప్పాలన్నారు. ఈ ఇంటికి నన్ను పంపారు. పోయాను. ముసలామె తలుపు వేసింది. ఆ ముచ్చట మొదటే చెప్పాను.

ఆమె మాట నాకూ నిజమే అనిపించింది. ఆ కాలనీ పక్కనే ఓపెన్‌కాస్ట్. భూమిని పైనుంచి తవ్వే గని. మధ్యాహ్నం షిఫ్టు మారే వేళకు రాళ్లు పగలగొట్టడానికి మందు పేలుస్తారు. ఇళ్లు అదురుతాయి, కిటికీలు గడగడలాడతాయి. అంత చప్పుడుకు పిల్ల ఉలిక్కిపడి లేస్తుంటే చెవిటి ఎట్లా అవుతుంది? సిస్టరమ్మకు చెప్పాను. ఆమె కూడా కొంచెం తడబడింది. "మిషన్ తప్పు చెప్పుడు గూడ ఉంటది. కని రెండుసార్లు చెప్పిందంటే చూడాలె. చూసినంక మంచిగున్నదంటే అందరికంటె ఎక్కువ నేనే సంతోషపడుత" అంది.

ఇంకో నెల గడిచింది. పిల్లకు నాలుగు నెలలు దాటాయి. మళ్లీ పట్నం సారు వచ్చే రోజు వచ్చింది. ఆ పొద్దున ఆ కాలనీ నుంచి కాన్పుకు వచ్చిన ఒకామె మాటల మధ్య చెప్పింది. ఆ ఇంటి కోడలిని ఆ సాయంత్రమే అన్న వచ్చి మందమర్రికి తీసుకుపోతాడట. ఇక్కడ నలుగురి నోళ్లలో నానడం ఇష్టం లేక అత్తే పంపుతోందట. మూడు నెలలో నాలుగు నెలలో అక్కడే ఉంచుతారట.

సిస్టరమ్మ నా వైపు చూసింది. మందమర్రికి పోతే ఆ పిల్ల మా చేతికి దొరకదు. తిరిగి వచ్చేసరికి ఆరు నెలలు ఎప్పుడో దాటిపోతాయి.

"సారును నేను ఆపుత. నువ్వు పో" అంది. "ఆంబులెన్సు వద్దు, వాడకట్టంత చూస్తది. ఆటోల పో. ఈ చీర గూడ ఇప్పు."

ఆయా చీర విప్పి, నా ఇంటి చీర కట్టుకున్నాను. బతుకమ్మకు పోయే చుట్టం లాగా సంచీలో రెండు డజన్ల అరటిపండ్లు పెట్టుకున్నాను. ఆటో ఎక్కానే గాని ఏం మాట్లాడాలో తెలియదు. దారంతా ఒకటే తలుచుకున్నాను. మళ్లీ తలుపు వేస్తే ఎట్లా? పోయేసరికి తలుపు తీసే ఉంది. తీసి ఉంది ఎందుకంటే లోపల సంచులు సర్దుతున్నారు.

"మళ్లొచ్చినవా ఆయమ్మా?" అంది ముసలామె. చీర మార్చినా గుర్తుపట్టింది. నా గొంతు కంటే ముందు నా నడకే నన్ను పట్టించిందట.

"చుట్టం లెక్క వచ్చిన వదినా. పండ్లు తెచ్చిన. కొట్టినా తిట్టినా చాయ్ పోసి కొట్టు."

ఆమె నవ్వలేదు గాని పొమ్మనలేదు. పీట వేసింది. కోడలు గోడ వారగా చాప మీద కూర్చుని ఉంది. పక్కన పిల్ల నిద్రపోతోంది. బుగ్గ మీద దిష్టి చుక్క. చక్కని పిల్ల. కోడలు నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

"పట్నం సారు వచ్చిండు వదినా. సాయంత్రం బండికి పోతడు. ఒక్కసారి చూపిద్దాం. ఏం లేదంటే నేనే కాలనీల ఇల్లిల్లు తిరిగి చెప్త, మా దవాఖానదే తప్పని."

"ఉన్నదంటే?"

నేను సంచీలోంచి పండ్లు తీసి ఆమె ముందు పెట్టాను.

"ఉన్నదంటే గూడ ఇల్లిల్లు తిరిగి చెప్తరు. మీకు నోరాగుతదా?" అంది. "టీకాకు పిలిచినట్టు పిలిస్తే రాకపోదుమా? అందరు పోతరు, మేం గూడ పోతుంటిమి. మా ఒక్కల పేరు వెట్టి మొత్తుకుంటిరి. ఇగ ఏ మొఖం వెట్టుకోని రావాలె?"

ఆ మాట నాకు సూటిగా తగిలింది. తల తిప్పి ఇల్లు చూశాను. గోడకు ఒక షెల్ఫు. అందులో గాజు గ్లాసులు వరుసగా పెట్టి ఉన్నాయి. ఆమె పెనిమిటి రిటైరైన నాడు తోటివాళ్లు ఇచ్చినవట. ఆయన పోయాడు, గ్లాసులున్నాయి. వాటిలో ఎవరికీ నీళ్లు పోయదు, రోజూ తుడిచి పెడుతుంది.

"నీకు చెప్తె ఇనవు గద. కూసో" అంది. "ఇప్పుడే బ్లాస్టింగైతది. నీ కండ్లతోని నువ్వు జూడు, నా మనుమరాలు లేస్తదో లేదో. లేస్తె నోరు మూసుకోని పోవాలె. మళ్ల ఈ గడప తొక్కద్దు."

"సరే వదినా" అన్నాను. ఇంకేమంటాను? సారు బండికి టైం అవుతోంది. ఆటో బయట నిలబడి ఉంది. పిల్ల లేస్తుందని నాకు తెలుసు. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. లేచిందంటే నేను ఓడిపోయినట్టే. ఆ పిల్ల మందమర్రికి పోయినట్టే. ఇంత తెలిసీ ఒప్పుకుని కూర్చున్నాను.

అప్పుడు సైరన్ మొదలైంది.

మీలో ఈ బొగ్గు ఊళ్లవాళ్లకు చెప్పాల్సిన పని లేదు. బ్లాస్టింగ్‌కు ముందు అందరినీ దూరం పొమ్మని సైరన్ కొడతారు. అది ఆగిన కాసేపటికి భూమి అదురుతుంది. సైరన్ వినగానే ఆ కాలనీలో ప్రతి ఇంట్లో ఆడవాళ్లు ఒక పని చేస్తారు. పొయ్యి మీద గిన్నె ఉంటే దించుతారు, పగిలే వస్తువులుంటే పోయి పట్టుకుంటారు. ముసలామె కూడా అలవాటు చొప్పున లేచి షెల్ఫు వైపు నడిచింది.

కోడలు ఒక్క ఉదుటున లేచి ఆమెకు అడ్డం వచ్చింది.

"అత్తమ్మా, ఇయ్యాల షెల్ఫు నేను వట్టుకుంట" అంది. "నువ్వు పిల్లను జూడు."

"ఏందే?"

"పిల్లను జూడు అత్తమ్మా. సైరన్ మోగుతాంది. ఒక్కసారి పిల్లను జూడు."

నేను వచ్చినప్పటి నుంచి కోడలు నోరు విప్పడం అదే మొదలు. అత్త ఏదో అనబోయి ఆగింది. వెనక్కి తిరిగింది. చాప పక్కన కూర్చుని పిల్ల ముఖం మీదకు వంగింది. నేనూ వంగాను.

సైరన్ ఇంటి లోపలే మోగుతున్నట్టుంది. పిల్ల కనురెప్ప కదలలేదు. పెదవులు పాలు తాగుతున్నట్టు కొంచెం ఆడించి, మళ్లీ నిమ్మళంగా పడుకుంది.

వెనక ఒక్కసారిగా పెద్ద చప్పుడైంది. కోడలి చేతిలోంచి ఒక గ్లాసు జారి బండల మీద పడి బద్దలైంది. నేను ఎగిరిపడ్డాను. ముసలామె ఎగిరిపడింది. పిల్ల పడుకునే ఉంది.

సైరన్ ఆగింది. తర్వాత భూమి అదిరింది. కాళ్ల కింద బండలు, పిల్ల పడుకున్న చాప, అన్నీ. పిల్ల రెండు చేతులూ విదిల్చి ఉలిక్కిపడి లేచి ఏడవడం మొదలుపెట్టింది.

ముసలామె పిల్లను ఎత్తుకోలేదు. చేతిని బండల మీద ఆనించి అట్లాగే ఉండిపోయింది. అదురు చేతికి తెలుస్తోంది కదా. ఆ చేతినే చూస్తూ కూర్చుంది. రోజూ సైరన్ మోగే వేళకు ఆ ఇంట్లో అందరి కళ్లూ షెల్ఫు మీదే. భూమి అదిరాకే పిల్ల వైపు తిరిగేవాళ్లు. లేచిన పిల్లనే చూశారు, లేవని పిల్లను చూడలేదు.

"ఎన్నొద్దుల సంది ఎరుకనే నీకు?" అని అడిగింది కోడలిని. అరవలేదు. అరిచినా బాగుండేది.

"పురుడైన కాడికెళ్లి" అంది కోడలు. గాజు పెంకులు ఏరుతూనే మాట్లాడుతోంది. "పెద్దోడైతే సైరన్‌కే కెవ్వుమంటుండె. ఇది పక్కల పండితే తెల్వలేదా నాకు? చెప్తె నన్నంటరు. నా కడుపుల తప్పున్నదంటరు."

"ఎవ్వలంటరే?"

కోడలు తలెత్తి అత్తనే చూసింది. అనేది తానేనని ముసలామెకు తెలిసినట్టు ఆమె ముఖమే చెప్పింది. ఏడుస్తున్న పిల్లను అప్పుడు ఎత్తుకుంది. కొంగు కప్పింది. నా వైపు తిరిగింది.

"ఆటో ఉన్నదా?"

"ఉన్నది వదినా."

"మస్టర్ల చెప్తరా?"

"చెప్తె నా నాలుక కోసుకుంట."

"నీ నాలుక కోసినా నీ గొంతాగదు" అని గడప దాటింది. కోడలు పెద్దవాణ్ని పక్కింట్లో వదిలి వెనకే వచ్చింది. పక్కింటామె ఎక్కడికని అడిగితే ముసలామె "టీకాకు" అంది. ఆమె గొంతు ఒక్క చోట కూడా తడబడలేదు.

దవాఖాన చేరేసరికి సారు పెట్టె మూసి చేతిలో పట్టుకుని ఉన్నాడు. సిస్టరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. నిజంగానే ఆపింది. సారు పిల్లను చూశాడు. పిల్ల కళ్లు తెరుచుకుని పంకాను చూస్తోంది.

"అమ్మా, పాప బాగా నిద్రపోవాలండి. కదిలితే పరీక్ష రాదు. నాకు బండి దొరకదేమో" అన్నాడు.

"మీకు బండి రేపు గూడ ఉంటది సార్" అంది సిస్టరమ్మ. "ఈ పిల్లకు రేపు లేదు."

సారు పెట్టె కింద పెట్టాడు.

తల్లి పాలిచ్చింది. పిల్ల తాగింది, నిద్రపోలేదు. కొత్త చోటు, కొత్త ముఖాలు. ఎత్తుకుంటే ఏడుపు, దించితే ఏడుపు. నేను ఎత్తుకుంటే ఇంకా ఏడుపు. బయట పొద్దు వాలుతోంది. సారు చేతి గడియారం చూసుకోకుండా ఉండడానికి చాలా ప్రయత్నం చేస్తున్నాడు. మందమర్రి నుంచి కోడలి అన్న వచ్చేసే వేళ. అతను వచ్చి, ఇంటికి తాళం చూసి, వెతుక్కుంటూ ఇక్కడికి వస్తే ఏమవుతుందో. తండ్రి షిఫ్టు దిగి వచ్చి మళ్లీ ఆ తలుపు పట్టుకుంటే ఏమవుతుందో.

ముసలామె పిల్లను తీసుకుంది. భుజాన వేసుకుని గదిలో అటూ ఇటూ నడుస్తూ జోలపాట ఎత్తుకుంది. మనవళ్లకు, అంతకు ముందు కొడుకులకు పాడిందే అయి ఉంటుంది. నాలుగు మాటలు పాడి ఆగిపోయింది.

"ఎవ్వలకోసం పాడుతున్న?" అంది గోడ వైపు తిరిగి.

కోడలు లేచి పోయి, పిల్ల తలను కొంచెం పైకి జరిపి, బుగ్గ ముసలామె గొంతుకు ఆనేలా పెట్టింది. "పాడు అత్తమ్మా" అంది. "బండల అదురు తెల్సినట్టు నీ గొంతు అదురు తెలుస్తది."

ఆమె పాడింది. మాట సరిగ్గా రావడం లేదు, లోలోపల రాగం తీసినట్టుంది. పిల్ల చేయి ఆమె పుస్తెలు లేని మెడ మీద తడుముతూ తడుముతూ ఆగింది. నిద్రపోయింది.

సారు బిళ్లలు అంటించాడు. గదిలో పంకా కూడా ఆపాం. చెమటలు కారుతున్నా ఎవరం తుడుచుకోలేదు. తెర మీద గీతలు పోతున్నాయి. నాకు గీతలు చదవడం రాదు, అందుకే సారు ముఖం చూస్తూ కూర్చున్నాను. ఆయన చప్పుడు పెంచుతూ పోయాడు. పెంచినకొద్దీ ఆయన ముఖం వాడుతూ పోయింది. చాలా పెంచాక ఒక చోట ఆగి, అదే మళ్లీ చేశాడు. మళ్లీ చేశాడు.

"పూర్తిగా పోలేదమ్మా" అన్నాడు చివరికి. "చాలా పెద్ద చప్పుడైతే కొంచెం అందుతోంది. ఆ కొంచెం చాలు పని మొదలుపెట్టడానికి. చెవులకు వినే మిషన్లు పెడదాం. కానీ పెట్టి వదిలేస్తే లాభం లేదు. పట్నం రావాలి, మాట నేర్పించాలి, ఏళ్లు పడుతుంది."

కోడలు అప్పుడు ఏడ్చింది. అన్నాళ్లు పట్టుకున్న ఏడుపంతా ఏడ్చింది. ముసలామె ఏడవలేదు. "ఏండ్లు వడితె వడని" అంది. "మా ఆయన బాయిల ఎన్నేండ్లు జెయ్యలే!"

తండ్రి వచ్చాడు. వస్తాడని భయపడ్డట్టే వచ్చాడు. గుమ్మంలోనే తన తల్లిని చూసి ఆగిపోయాడు. ఆమె కొడుకును పక్కకు తీసుకుపోయి ఏదో చెప్పింది. నాకు వినపడలేదు. అతను గోడకు ఒరిగి కూర్చున్నాడు. కొంతసేపటికి లేచి, సిస్టరమ్మ దగ్గరకు వచ్చి "సారుకు బండి పోయింది గద. మా ఇంట్ల తింటడా అడుగుండ్రి" అన్నాడు. సారు తిన్నాడు. మందమర్రి అన్న కూడా అక్కడే తిన్నాడు. మరునాడు చెల్లెలిని తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

టీకాకు పిలిచినట్టు పిలవాలన్న ముసలామె మాట నేను సిస్టరమ్మకు చెప్పాను. ఆమె డాక్టర్లకు చెప్పింది. మామూలుగా అయితే అట్లాంటి మాటలు మీటింగుల్లోనే చల్లారిపోతాయి. ఇది చల్లారలేదు. ఆ తర్వాత మా దవాఖానలో పిల్లల రెండో చెవి పరీక్ష టీకాల రోజుకే పెట్టారు. పాస్ అయిన పిల్లకూ రెఫర్ అయిన పిల్లకూ అందరికీ. ఎవరి పేరూ విడిగా పిలవం. పెద్ద పరీక్ష అవసరమైతే తల్లిని పక్కన కూర్చోబెట్టి, ఆమె చెవిలో చెబుతాం. తల్లిగారింటికి పోతే ఆ ఊళ్లో టీకాలు వేసే సిస్టరుకు కబురు పోతుంది. గది ఖాళీగా ఉండడం ఆగిపోయింది.

అయినా అందరూ దక్కలేదు. బెల్లంపల్లి వైపు పోయిన ఒక బాబు కోసం ఎంత తిరిగినా దొరకలేదు. చాలా కాలానికి అక్కడి బజారులో కనిపించాడు. తల్లి చేయి లాగి, మిఠాయి కొట్టు వైపు చూపిస్తూ చేతులతో మాట్లాడుతున్నాడు. చక్కగానే మాట్లాడుతున్నాడు, తల్లికి అర్థమవుతోంది కూడా. కానీ మేము సమయానికి ఆ ఇంటి తలుపు కొట్టి ఉంటే అనే మాట నన్ను బస్సెక్కనివ్వలేదు. ఇంకో బస్సుకు వచ్చాను. మీకు ఇదంతా చెప్పేది అందుకే. మొదటి పరీక్ష మిషన్ చేస్తుంది. రెండో పరీక్షకు మనుషులు కావాలి.

తెలంగాణ వచ్చిన ఏడాది నేను ఆ ఇంటికి పోయాను. పిలిస్తేనే పోయాను. పిల్లకు రెండు చెవులకూ మిషన్లు, వాటిని జారిపోకుండా రిబ్బన్లతో జడలకు కట్టారు. మాట కొంచెం ముద్దముద్దగా ఉంది. నన్ను చూసి "గొంతవ్వ" అంది. ఆ పేరు పెట్టింది నాయనమ్మే అని అడగకుండానే తెలిసింది.

పీట వేశారు. ముసలామె చాయ్ తెచ్చింది. గాజు గ్లాసులో తెచ్చింది. "పగిలితే పగలనీ, ఎన్నొద్దులు దాస్త" అంది. నేను గ్లాసు పట్టుకుని, ఊదుకుంటూ, ఏదో మాట్లాడుతున్నాను.

వాకిట్లో ఆడుకుంటున్న పిల్ల ఉన్నట్టుండి ఆట ఆపింది. తల ఎత్తింది. ఒక్క పరుగున లోపలికి వచ్చి, ఇంకో పీట ఎక్కి, చిన్న చేతులు రెండూ చాపి షెల్ఫులోని గ్లాసులను పట్టుకుని నిలబడింది. నేను ఏమిటని అడగబోయాను. మాటల్లో పడి నేను గమనించనే లేదు. బయట సైరన్ మోగుతోంది.